తివాచీకి చీకటి, గొంగడికి మంద

పాత తివాచీలు సేకరించేవాళ్లకు ఒక లెక్క ఉంది. చదరపు అంగుళానికి ముడులెన్ని, రంగులు చెట్టువా రసాయనానివా, అంచులు అసలువేనా, అతుకులు ఎక్కడెక్కడ, వయసెంత. వీటికి జవాబు దొరికితే ధర తేలుతుంది. మెదక్ చుట్టుపక్కల గొర్రెలు కాసే కురుమల ఇళ్లలో దండెం మీద వేలాడే నల్ల గొంగడిని ఇవే ప్రశ్నలు అడిగి చూడండి. ముడులు లేవు. రంగు అద్దలేదు. అతుకులు బోలెడు. వయసు ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే పాత వస్తువుల దుకాణంలో తివాచీకి గోడ దొరుకుతుంది, గొంగడి అక్కడిదాకా రానే రాదు. ఈ తీర్పు తప్పని నేను నమ్ముతాను. రెండింటినీ పక్కపక్కన పరిచి చూస్తే ఆ తప్పు గొంగడి విషయంలోనే కాదు, తివాచీని మనం చూసే తీరులోనూ ఉందని తెలుస్తుంది.

పోలిక మెదక్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ ఊరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చర్చి చూడటానికి వస్తారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. లోపల ఫ్రాంక్ శాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాలు, బ్రిటన్ నుంచి తెప్పించి పరిచిన పలకల నేల. నూరేళ్లు దాటినా ఆ అద్దాలనూ ఆ నేలనూ ఊరు అపురూపంగా చూసుకుంటోంది. దూరం నుంచి వచ్చిన పనితనాన్ని కాపాడుకోవడం మెదక్‌కు చేతనవును. ఊరి పొలిమేర దాటగానే నేసే గొంగడి మీద ఆ శ్రద్ధలో పదో వంతు కూడా ఎవరూ పెట్టలేదు.

పోలికలో తివాచీ తరఫున ఇరాన్ దాన్ని తెచ్చి నిలబెట్టడం న్యాయం కాదు. దక్కన్ తివాచీనే తీసుకుందాం. గోల్కొండ, బీజాపూర్ దర్బారులకు ఇరాన్‌తో రాకపోకలు దండిగా ఉండేవి. ఆ వైపు నుంచి వచ్చిన ముడినేత వరంగల్‌లోనూ ఏలూరులోనూ వేళ్లూనుకుంది. మచిలీపట్నం రేవు ఆ సరుకును సముద్రం దాటించింది. డచ్చివాళ్ల ఓడలు మోసుకెళ్లిన వాటిలో కొన్ని జపాన్ చేరాయి. క్యోటో నగరంలో ఏటా జులైలో జరిగే గియోన్ ఉత్సవంలో రథాలకు అలంకారంగా కట్టే పాత తివాచీలలో కొన్నింటిని దక్కన్ నేతగా పరిశోధకులు 20వ శతాబ్దం చివర గుర్తించారు. 17, 18 శతాబ్దాల నాటివి. ఇంతటి నేత నేసిన గడ్డ మీద అంత పాతవి, అంత బాగా ఉన్నవి చూడాలంటే మాత్రం వెతుక్కోవాల్సిందే. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. 1880లో భారతీయ చేతిపనుల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్, ఆ ప్రదర్శనలో అన్నిటికంటే నాణ్యమైనవి వరంగల్‌వేనని, చదరపు అడుగుకు దాదాపు 12,000 ముడులు ఉన్నాయని రాశాడు.

ఇటు గొంగడి. దక్కనీ నల్లగొర్రె ఉన్ని కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు చేత్తో వడికి, ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద మగవాళ్లు నేస్తారు. ముడి ఉండదు, నూగు ఉండదు. పడుగు, పేక, అంతే. కొన్నిటికి అంచున తెల్ల ఉన్ని చార. రాత్రి మంద దగ్గర పడుకునేటప్పుడు పరుపు, చలికి దుప్పటి, మూల మడిచి తలమీదికి కప్పుకుంటే వానకు గొడుగు, పంచాయతీకి పెద్దమనుషులు కూర్చోవాలంటే చాప. కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉంటుంది. గంజి పోయి, ఉన్నిపోగులు ఒకదాన్నొకటి పట్టుకుని, ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది.

నాకు ఈ రెండింటి మధ్య అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే తేడా నలుపులో ఉంది.

పాత తివాచీని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. పువ్వుల ఎరుపు, నేల నీలం ఎత్తుగా నిలిచి ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న నల్ల గీతలు మాత్రం లోపలికి దిగి ఉంటాయి. వేలు పెడితే పల్లం తగులుతుంది. కొన్నిచోట్ల నూగు పూర్తిగా పోయి కింద పడుగు పేకలు బయటపడతాయి. నేతగాడు అలా చెక్కలేదు. కరక్కాయ, మాచికాయ లాంటి వగరు కాయల కషాయంలో అన్నభేది కలిపి ఉన్నికి నలుపు పట్టించేవారు. అన్నభేదిలో ఉన్నది ఇనుము. అది ఉన్నిపోగును లోపలినుంచి కొద్దికొద్దిగా పెళుసుబారుస్తుంది. నూరేళ్లు గడిచేసరికి లక్క ఎరుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం చెక్కుచెదరకుండా ఉంటాయి. నలుపు పొడి పొడిగా రాలిపోతుంది. సేకరించేవాళ్లు ఈ పల్లాన్ని వయసుకు సాక్ష్యంగా తీసుకుంటారు. అందుకే కొత్త తివాచీని పాతదని అమ్మాలనుకునేవాడు కత్తెర పట్టి నల్ల గీతల వెంట నూగును కిందికి కత్తిరిస్తాడు. భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. సహజంగా తిన్నచోట పోగుల చివరలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కత్తెర పడినచోట సమంగా తెగి ఉంటాయి.

గొంగడి నలుపులో ఇనుము లేదు. గొర్రె ఒంటి మీద వెంట్రుక పుట్టేటప్పుడే అందులో ఉన్న నలుపు అది. తినేసే గుణం దానికి లేదు. ఎండకు మాత్రం లొంగుతుంది. ఏళ్ల తరబడి ఎండలో తిరిగిన గొంగడి పైవైపు ఇటుక ఛాయలోకి మారుతుంది. మడతల లోపల, కుట్ల కింద నల్లగానే ఉంటుంది. ఆ ఛాయను బట్టి ఈ గొంగడి ఎటు మడిచి భుజాన వేసుకున్నారో, ఏ వైపు నెత్తి మీదికి లాక్కున్నారో చెప్పవచ్చు. తివాచీలో నలుపు కాలాన్ని చెబుతుంది. గొంగడిలో నలుపు మనిషిని చెబుతుంది. ఈ రెండో సాక్ష్యాన్ని చదవడం సేకరణదారుల పుస్తకాలు నేర్పలేదు. ఎందుకంటే తివాచీ ఎవరి భుజాన్నీ ఎక్కలేదు.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి ఇంకొంచెం దగ్గరగా చూపిస్తాను. తివాచీ చిన్నది, హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో వరంగల్‌దని చెప్పి ఇచ్చారు. దాన్ని తిరగేస్తే పడుగు మిల్లు నూలు. వడి ఒకే తీరుగా, మొదటినుంచి చివరిదాకా తేడా లేకుండా ఉంది. ముందువైపు ఒక పువ్వు మట్టిరంగులో కనిపిస్తుంది. నూగును రెండు బొటనవేళ్లతో విడదీసి ముడి మొదలు చూస్తే అదే పోగు ముదురు గులాబీ రంగులో మెరుస్తుంది. పైన వెలుతురు తగిలినంత మేర రంగు చచ్చిపోయింది, లోపల దాక్కున్నంత మేర బతికింది. చెట్టు రంగులు కూడా వెలుస్తాయి గానీ ఇంత నిలువునా రెండు ముక్కలుగా వెలవవు. ఇది రసాయనపు రంగు. విలియం పెర్కిన్ తొలి కృత్రిమ రంగును కనిపెట్టింది 1856లో. ఆ తరవాత కొన్నేళ్లకే గులాబీ, ఊదా రంగుల డబ్బాలు ఆసియా అద్దకపు బానల దాకా వచ్చేశాయి. కాబట్టి ఈ తివాచీ అంతకంటే వెనకటిది కావడానికి వీల్లేదు. అయినా నాకు అది ఇష్టమే. వెలసిపోయిన ఆ పువ్వు, పైసా తగ్గించుకోవాలన్న ఒత్తిడిలో పడ్డ ఒక అద్దకపువాడి గురించి చెబుతోంది.

గొంగడి ఒక కురుమ పెద్దమనిషి మా నాన్నకు ఇచ్చింది. దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పేక దారం ఒకచోట లావుగా వదులుగా, ఇంకొకచోట సన్నగా గట్టి వడితో కనిపిస్తుంది. ఒక జానెడు మేర ఒక తీరు, తరవాత జానెడు ఇంకో తీరు. ఒకటి కంటే ఎక్కువ చేతులు వడికిన నూలు ఇందులో కలిసిందనుకుంటాను. ఒక మూల అరచేయంత చిరుగును నల్ల ఉన్నితోనే రఫూ చేశారు. ఆ రఫూ మీద ఇంకో రఫూ. తివాచీ విలువ కట్టేటప్పుడు అతుకు ఉంటే ధర తగ్గిస్తారు. ఈ గొంగడిలో ఆ అతుకులు తీసేస్తే మిగిలేది సగం చరిత్రే.

ముడుల సంఖ్య గురించి కూడా ఒక మాట చెప్పాలి. అదొక్కటే గొప్పతనానికి కొలత అన్నట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువ. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఇరాన్ నేత అర్దబీల్ తివాచీలో పది సెంటీమీటర్ల చదరంలో 5,300 ముడులు. బర్డ్‌వుడ్ చెప్పిన వరంగల్ లెక్క చదరపు అంగుళానికి ఎనభై పైచిలుకు వస్తుంది, అర్దబీల్‌ది మూడువందల నలభై దగ్గర. అంతమాత్రాన వరంగల్‌ది నాలుగో వంతు కళ అయిపోదు. ముడులు ఎక్కువైతే వంపులు నున్నగా తిరుగుతాయి, సన్నని తీగ గీయవచ్చు. తక్కువైతే గీత మొద్దుగా వస్తుంది. కానీ రంగును రంగు పక్కన ఎక్కడ ఆపాలో ముడుల సంఖ్య నేర్పదు. బర్డ్‌వుడ్ కూడా వరంగల్ తివాచీలను ముడుల కోసం ఎంత మెచ్చుకున్నాడో రంగుల పొందిక కోసమూ అంతే మెచ్చుకున్నాడు. ఇక ముడే లేని గొంగడికి ఈ కొలత అసలు తగలదు. దాని నాణ్యం వడిలో, గంజిలో, పేకను ఎంత బిగించి కొట్టారన్న దానిలో ఉంటుంది. వాన చుక్క నిలిచి జారిపోతే మంచి గొంగడి. లోపలికి ఇంకితే నేత వదులు.

తివాచీ ఎలా చెడిందో కూడా బర్డ్‌వుడే రాశాడు. మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు దేశంలో మేలైనవాటిలో లెక్కకొచ్చేవని, ఇంగ్లండ్ వర్తకులు తక్కువ ధరకు కావాలని పట్టుబట్టి, తామే చవక దారం సరఫరా చేసి నేతను పాడుచేశారని ఆయన ఫిర్యాదు. జైళ్లలో నేయించిన తివాచీలు చేతివృత్తివాళ్ల పొట్ట కొడుతున్నాయని కూడా వాపోయాడు. బర్డ్‌వుడ్ వలస పాలనలో అధికారి. ఆ యంత్రాంగంలో భాగంగా ఉంటూనే ఈ మాట రాశాడు కాబట్టి బరువు ఎక్కువ. వరంగల్‌లో నేత బతికిందే గానీ రూపం మార్చుకుంది. నూగు తివాచీ వెనక్కి తగ్గింది, చదునుగా నేసే జంపఖానా ముందుకొచ్చింది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నాకు సంతోషమే. అయితే ఆ గుర్తింపు తివాచీని వెనక్కి తేలేదు.

గొంగడి ఎలా చెడుతోందో చెప్పాలంటే గొర్రె గురించి మాట్లాడాలి. దీన్ని తివాచీ సేకరణదారులు అరుదుగా పట్టించుకుంటారు. వాళ్ల పట్టింపు తివాచీ మగ్గం దిగిన తరవాత మొదలవుతుంది. దక్కనీ గొర్రె మాంసం తక్కువ ఇస్తుంది, ఉన్ని ఇస్తుంది. నెల్లూరు జాతి ఎర్రగొర్రె ఎత్తుగా పెరుగుతుంది, మాంసం ఎక్కువ, ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. ఉన్నికి కొనుగోలుదారు లేక, మాంసానికి ధర పెరిగాక కాపరులు ఏం చేస్తారు? మందలోకి ఎర్ర పొట్టేలును దించారు. రెండు మూడు ఈతలకు మంద రంగు మారింది, ఉన్ని పలచబడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టింది. అది బతుకుదెరువు పథకం. దానికి ఉన్నితో పని లేదు, దాన్ని తప్పుపట్టడానికీ లేదు. కానీ ఆ తరవాత కూడా, నాకు తెలిసినంతలో, ఏ ప్రభుత్వ పథకమూ నల్ల ఉన్నిని ఆస్తిగా లెక్కించి మొదలవ్వలేదన్నది నా బాధ. కత్తిరింపు కూలి కూడా ఉన్ని అమ్మకంలో రాకపోతే ఉన్నిని పొలం గట్టు మీద పారేయడం కంటే కాపరికి మిగిలిన దారి లేదు.

ఈ రెండు పతనాలకూ పోలిక ఉంది. రెంటిలోనూ కొనేవాడు ముడిసరుకును మార్చాడు. మచిలీపట్నంలో దారం మారింది, మెదక్‌లో గొర్రె మారింది. రెంటికీ తేడా కూడా ఉంది. తివాచీ నేత ఆగిపోయినా, పాత తివాచీ మ్యూజియంలో ఉంటే దాని మీద చదువు సాగుతుంది. మంద పోతే గొంగడి మళ్లీ రాదు. పాత ముక్క ఎంత భద్రంగా ఉన్నా కొత్త దాన్ని నేయలేరు. ఎర్రగొర్రె వెంట్రుకతో గొంగడి నేసిన మొనగాడు లేడు.

కాపాడటం అన్న మాట ఇక్కడే రెండు దారుల్లో నడుస్తుంది.

తివాచీని కాపాడటమంటే వాడుక నుంచి తప్పించడం. అర్దబీల్ తివాచీ 1539-40లో పూర్తయింది, దాన్ని 1893లో రెండు వేల పౌండ్లకు మ్యూజియం కొన్నది. కొనమని గట్టిగా సిఫారసు చేసినవాడు ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్. దానికి జంటగా ఉన్న రెండో తివాచీ ముక్కలతో మొదటిదాన్ని బాగుచేశారు. ఆ చిరిగిన జంట ఇప్పుడు లాస్ ఏంజలిస్‌లో ఉంది. ఒకదాన్ని నిండుగా నిలబెట్టడానికి ఇంకొకదాన్ని కోశారంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. ఈనాడైతే ఏ మ్యూజియమూ దానికి ఒప్పుకోదు. ఇప్పుడు లండన్ తివాచీ గాజు గదిలో ఉంటుంది. గంటకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున మాత్రమే దీపం వెలుగుతుంది. మిగతా సమయం మసక చీకటి. రంగుకు వెలుతురు శత్రువు కాబట్టి ఇది సరైన పనే.

ఇంట్లో పాత తివాచీ ఉన్నవాళ్లు గాజు గది కట్టలేరు. చేయగలిగింది చాలా ఉంది. కిటికీ ఎండ నేరుగా పడనీయకూడదు. నెలకోసారి తిప్పి పరిస్తే ఒకవైపే అరగదు, ఒకవైపే వెలవదు. దుమ్ము దులపడానికి గోడకేసి కొట్టకూడదు, పాత పడుగు తెగుతుంది. వ్యాక్యూమ్ పెట్టేటప్పుడు తివాచీ మీద సన్నని వల పరిచి, దాని మీదనుంచి తక్కువ పీల్పుతో లాగాలి. దాచేటప్పుడు మడతపెట్టకూడదు. లావాటి గొట్టానికి నూగు పైకి ఉండేలా, నూగు వాలిన దిక్కునే చుట్టి, ఉతికిన నూలు బట్ట కప్పాలి. ప్లాస్టిక్ కప్పితే మన జులై చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. ఇంట్లో సబ్బునీళ్లలో కడగడం వద్దు. ఒకవేళ కడగాల్సే వస్తే ముందు ప్రతి రంగు మీద తడి తెల్లబట్ట అద్ది, రంగు అంటుతుందేమో చూసుకోవాలి. ఎరుపు దిగి తెల్లలోకి పాకితే ఆ మచ్చను తీసేవాడు లేడు.

చిమ్మట గురించి వేరుగా చెప్పాలి. ఉన్నిని తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్లపురుగు. రెక్కల పురుగు చీకటినీ కదలికలేని చోటునూ వెతుక్కుంటుంది. బీరువా కింద, సోఫా వెనక, ఏళ్లుగా తిప్పని మూలలో గుడ్లు పెడుతుంది. చెమట, నూనె, అన్నపు మరక ఉన్న ఉన్ని పిల్లపురుగుకు మరీ ఇష్టం. కలరా ఉండలు గదిలో మనుషులకు హాని చేస్తాయే గానీ, తలుపు తీసి మూసే బీరువాలో చిమ్మటను చంపేటంత గాఢత నిలవదు. చిన్న తివాచీ అయితే గాలి చొరని సంచిలో కట్టి డీప్‌ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టవచ్చు. మ్యూజియంలు చేసేదీ ఇంచుమించు ఇదే.

ఇదే చిమ్మట వాడుకలో ఉన్న గొంగడి జోలికి పెద్దగా రాదు. పొద్దున దులుపుతారు, ఎండలో ఆరేస్తారు, భుజాన వేసుకుని కోసుల దూరం నడుస్తారు. పురుగుకు కావలసిన ప్రశాంతత అక్కడ దొరకదు. అదే గొంగడిని తాత పోయాక గౌరవంగా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేస్తే రెండు మూడేళ్లలో జల్లెడవుతుంది. ఈ సంగతి మెదక్ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. తివాచీకి చీకటి మేలు, గొంగడికి చీకటి చేటు. రెండూ ఉన్నే. తేడా రంగులో ఉంది. అద్దిన రంగు లేదు కాబట్టి, ఏళ్లకు ఛాయ మారినా, గొంగడిని ధైర్యంగా ఎండేయవచ్చు. తివాచీని ఎండేస్తే పురుగు చస్తుంది, దాంతోపాటు ఎరుపూ చస్తుంది.

గొంగడిని ఇంట్లో దాచుకునేవాళ్లకు ఇంకొక జాగ్రత్త. వేడినీళ్లలో వేసి రుద్దితే ఉన్ని ముడుచుకుపోయి కంబళి కాస్తా అట్టముక్క అవుతుంది. చన్నీళ్లలో ముంచి, పిండకుండా, వాలుగా ఆరేయాలి. కొత్త గొంగడిలో ఉన్న చింతగింజల గంజికి వెండిచేప పురుగు వస్తుంది. దాచాలనుకుంటే ముందు కొన్నాళ్లు వాడి ఆ గంజి పోగొట్టడం మేలు. ఇలాంటి సలహా తివాచీ పుస్తకంలో ఎక్కడా ఉండదు. దాచడానికి ముందు వాడమని తివాచీకి చెప్పేవాళ్లు ఎవరుంటారు?

క్యోటో రథాల తివాచీలు ఈ రెండు దారులకు మధ్యలో నిలుస్తాయి. ఏడాదంతా పెట్టెలో ఉండి, జులైలో బయటికొచ్చి, వీథుల్లో వెలుగు చూసి, మళ్లీ పెట్టెలోకి వెళతాయి. వాన వస్తే పైన పారదర్శకపు కప్పు వేస్తారు. కొన్ని రథాలకు అసలు తివాచీని దాచేసి నకలు నేయించి కడుతున్నారు. వాటిని చూసుకునేది ఆ వీథి జనం. మూడు వందల ఏళ్ల దక్కన్ నేత ఇంకా రంగుతో ఉందంటే కారణం ఆ పద్ధతి. మన వైపు దీనికి దగ్గరగా వచ్చేది కురుమల బీరప్ప కొలువులు, మల్లన్న పట్నాలు. ఉన్నికి ఆ కొలువులో పూజ ఉంది. కురుమల్లో ఒక శాఖ పెళ్లికి కట్టే కంకణం కూడా ఉన్నిదే. దేవుడి దగ్గర పరిచే గొంగడిని ఇంట్లో కప్పుకునే గొంగడితో కలపకుండా దాచి, పండుగకు తీసి, ఎండ చూపి మళ్లీ దాచే ఇళ్లు ఉన్నాయి. క్యోటో వీథి సంఘాలు చేసే పని ఏదో, ఈ ఇళ్లు చేస్తున్నదీ అదే. అక్కడి రథోత్సవం 2009లో యునెస్కో జాబితాకెక్కింది. ఇక్కడి గొంగడి గురించి జిల్లా స్థాయిలో ఒక పట్టిక కూడా నాకు కనబడలేదు.

పరువు విషయంలో మాత్రం గొంగడి తివాచీకి ఏమాత్రం తీసిపోదు. తివాచీ మీద కూర్చున్నవాళ్లు పాలకులు. గొంగడి కప్పుకున్నవాళ్లు వాళ్లను ఎదిరించారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో తుపాకి గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన ప్రజాగాయకుడు గద్దర్ వేదిక ఎక్కితే భుజాన గొంగడి ఉండేది. లక్షలమంది కళ్లలో ఆ నల్లబట్ట ఒక నిలువెత్తు మాట అయింది. ఇంత బరువైన అర్థాన్ని మోసిన తివాచీ ఒక్కటి కూడా నాకు తట్టడం లేదు. అయినా సేకరణ బజారులో ఈ చరిత్రకు విలువ పలకదు. అక్కడ విలువ పాలకుడి వంశవృక్షానికే. ఈ మధ్య గొంగడి ఉన్నితో చెప్పులు, సంచులు, గోడకు వేలాడదీసే అలంకారాలు చేయిస్తున్నారు. ఉన్నికి కొనుగోలు పుడుతుంది కాబట్టి నేను ఆ ప్రయత్నాల పక్షమే. మంద మిగలాలంటే ఉన్ని అమ్ముడవ్వాలి. ఉన్ని అమ్ముడవ్వాలంటే గొంగడి ఒక్కటే చాలదు.

తివాచీ ముందు గొంగడి తలవంచాల్సిన చోటు ఒకటుంది. అర్దబీల్ తివాచీ పైఅంచున నేతలోనే పేరు ఉంది, మక్సూద్ కాషానీ, ఏడాది కూడా వేసి ఉంది. వరంగల్, ఏలూరు, మచిలీపట్నం తివాచీల మీద నేతగాడి పేరు కనబడటం అరుదు. గొంగడి మీద పేరు నేసిన దాఖలా నేనెక్కడా చూడలేదు. అందుకే మెదక్‌లో ఎవరైనా గొంగడి సేకరణ మొదలుపెడితే, నాదొక మనవి ఉంది. గొంగడి తెచ్చిన రోజే ఒక చిన్న తెల్ల నూలు ముక్క తీసుకుని, వెలవని సిరాతో రాసి, ఒక మూల వెనకవైపు నూలు దారంతో వదులుగా నాలుగు కుట్లు వేయాలి. జిగురు పెట్టకూడదు, ఇనుప పిన్ను గుచ్చకూడదు. ఆ ముక్క మీద ఊరు, నేసినవాళ్ల పేరు, వడికిన ఆడవాళ్ల పేర్లు, ఉన్ని ఏ మందలోది, కత్తిరించింది ఏ నెలలో, ఇంట్లో ఎంతమంది కప్పుకున్నారు అన్నవి ఉండాలి. వడికినవాళ్ల పేర్లు ముందు రాయాలి, ఎందుకంటే మొదట మర్చిపోయేది వాళ్లనే. మంద ఇంకా ఉందా, అమ్మేశారా అన్నది కూడా రాయాలి. ఉంటే ఆ కాపరి దగ్గర వచ్చే కత్తిరింపు ఉన్నిని ముందుగానే మాట్లాడుకుని కొనాలి.